గీతల్లేని వేలు

మంగళవారం పొద్దెక్కేసరికి దేముడమ్మ ఎడమచేతి బొటనవేలికి మూడోసారి వెన్న రాశారు.

వెన్నకి ముందు చింతపండు పులుసు అయింది. దానికి ముందు సున్నపు తేట అయింది. వీధి అరుగు మీద చాపేసి, మధ్యలో ఆవిణ్ణి కూర్చోబెట్టి, కాశీబుగ్గలో పనీపాటా లేని ఆడవాళ్ళంతా ఆ వేలి చుట్టూ చేరారు. పనున్నవాళ్ళు కూడా పోతూ పోతూ ఆగి, వేలు చూసి, పెదవి చప్పరించి వెళ్ళారు. ఈ ఊళ్ళో కొత్త పెళ్ళికూతుర్నయినా ఇంత దగ్గరగా ఎవరూ చూసి ఉండరు.

చూడరూ మరి? ముందురోజు రిజిస్ట్రారాఫీసులో జరిగింది అలాంటిది. రైలు గేటుకి ఇవతల ఉన్న తన గోడౌనూ, దాని చుట్టూ ఉన్న స్థలమూ పురుడాసుపత్రికి దానం రాసిద్దామని వెళ్ళింది దేముడమ్మ. జీడి బట్టీ పెట్టి అరవైమంది ఆడవాళ్ళకి పని చూపించే మనిషే కానీ అక్షరం ముక్క రాదు. సంతకం బదులు వేలిముద్ర వెయ్యాలి. సిరా అద్ది పుస్తకంలో నొక్కితే పడింది ఒక నల్లమచ్చ. గీతల్లేవు, సుడి లేదు. గుమస్తా తుడిచి మళ్ళీ నొక్కించాడు. మళ్ళీ మచ్చే. చివరికి పది వేళ్ళూ నొక్కించాడు, పదీ మచ్చలే. తన సర్వీసులో ఇలాంటి చెయ్యి చూడలేదని అతను కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ఆఫీసరు నెమ్మదస్తుడు. తెలిసినవాళ్ళిద్దరు మనిషిని గుర్తుపట్టి సంతకాలు పెడితే మచ్చనే ముద్ర కింద రాసుకుంటానన్నాడు. అంతటితో తేలిపోయేదే. కానీ వెనకాల నిలబడ్డ మరిది జగన్నాధం ముందుకొచ్చి, జేబులోంచి ఎనిమిదేళ్ళ నాటి స్టాంపు కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఆ స్థలమూ, దాని మీద ఏది కట్టినా అదీ వదినా మరుదుల ఉమ్మడిదనీ, ఒకరి ఒప్పుదల లేకుండా ఇంకొకరు దాన్ని ఎవరికీ ఇవ్వకూడదనీ అందులో రాసి ఉంది. అడుగున దేముడమ్మ వేలిముద్ర ఉంది. నీదేనా అని ఆఫీసరు అడిగితే ఆ మహాతల్లి కాగితం వంకయినా చూడలేదు. మరిది చెప్తే తనదే అంది; మనిషే ఒప్పుకున్నాక ఇక ముద్రని ఎవరు చూస్తారు?

శుక్రవారం దాకా గడువిచ్చి, ఇంటి తగువు ఇంట్లో తేల్చుకు రమ్మన్నారు.

ఊరు తగువుని వదిలేసి వేలిని పట్టుకుంది. తగువులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, గీతల్లేని వేలు ఎక్కడుంది? ఒకావిడ అమ్మవారి మొక్కు తప్పి ఉంటుందంది. ఇంకొకావిడ ఇంకా లోతుకి వెళ్ళి, దానం చేసే రాత ఆ చేతిలో లేదు కనకనే గీతలు చెరిగిపోయాయని తేల్చింది.

"ఇక సాలు, లెగండి," అంది అసిరమ్మ. బట్టీలో అందరికంటే పాత మనిషి ఆవిడ. దేముడమ్మా ఆవిడా చిన్నప్పుడు పక్కపక్క రాళ్ళ ముందు కూర్చుని జీడిపిక్కలు కొట్టడం నేర్చుకున్నారు. "ఎన్న రాస్తే గీతలు మొలుస్తాయేటి? మొలిస్తే నాకూ రాయండి."

అని తన రెండు చేతులూ చాపింది. ఎవరూ చూడలేదు. పిక్క కొట్టే ముసలిదాని చేతుల్లో వింతేముంది?

లీలారాణి మాత్రం చూసింది.

ఆ పిల్ల మిషను ఆస్పత్రి నర్సు. బొబ్బిలి నించి వచ్చింది, పాతికేళ్ళు దాటి ఉండవు. కొత్త ఆస్పత్రి నడపడానికి మిషనువాళ్ళు ఒప్పుకుని, ముందుగా ఆమెను పంపించారు. షరతు ఒకటే, ఈ వారంలో స్థలం రిజిస్టరు కావాలి. కాకపోతే శనివారం మెయిలెక్కి వెనక్కి వచ్చెయ్యమని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం సంచీలో పెట్టుకుని తిరుగుతోంది. అయినా చేతులు కనిపిస్తే ఊరుకోలేదు. దేముడమ్మ వేలు వెలుతురుకి తిప్పి, గోటితో మెల్లగా నొక్కి, ఎన్నేళ్ళ నించి పిక్క కొడుతున్నారని అడిగింది.

పన్నెండో ఏట నించి అంది దేముడమ్మ.

జీడిపిక్కని పెనంలో ఎంత వేయించినా తొక్కలోని జీడి నూనె పూర్తిగా పోదు. రాతి మీద పెట్టి కొయ్య సుత్తితో కొడితే వేళ్ళ మీదకి చిమ్ముతుంది. తగిలినచోట చర్మం కాలి ఊడిపోతుంది. అందుకని ఆడవాళ్ళు చేతులకి ఆముదం పూసి, పైన బూడిద అద్దుకుని కూర్చుంటారు. మధ్యాహ్నమయ్యేసరికి ఆముదం పోతుంది, జీడి మిగులుతుంది.

దేముడమ్మ ఎవరి బట్టీలోనో కూలికి మొదలుపెట్టింది. అక్కడే పెనం కింద మంట వేసే అప్పలసూరిని చేసుకుంది. ఇద్దరూ కలిసి సొంతంగా ఒక పెనం పెట్టారు. అతను పోయాక ఆ పెనం చల్లారిపోతుందని ఊరు ఎదురుచూస్తుంటే, ఆవిడ పక్కనే రెండోది పెట్టింది. ఇవాళ ఆవిడ జీడిపప్పు డబ్బాలు హౌరా దాకా రైల్లో వెళ్తాయి. అయినా రోజూ తెల్లవారగానే తన పాత రాయి ముందు గంటసేపు కూర్చుని కొడుతుంది. వేపుడు కుదిరిందో లేదో చెయ్యి చెప్పాలి కానీ గుమస్తా చెప్పకూడదని ఆవిడ పట్టుదల. యజమానురాలు పక్కన కూర్చుంటే పని ఎగ్గొట్టేవాళ్ళు ఉండరన్న సంగతి కూడా ఆవిడకి బాగానే తెలుసు. నేనేమీ ఆవిణ్ణి దేవతని చెయ్యబోవడం లేదు.

"మరి ఇన్నాళ్ళూ కాగితాల మీద ముద్రలు ఎలా వేశారు?" అని అడిగింది లీలారాణి.

దేముడమ్మ చెప్పబోయింది. అంతలో గేటు గంట మోగింది, గూడ్సు వచ్చింది. ఆ వీధిలో గూడ్సు వెళ్ళేటప్పుడు ఎవరూ మాట్లాడరు, మాట్లాడినా వినపడదు. బండి దాటేసరికి ఆ ప్రశ్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. దేముడమ్మ గేటు వైపే చూస్తూ కూర్చుంది.

ఆ చూపు దేనికో ఊరందరికీ తెలుసు. పోయినేడు అసిరమ్మ కూతురు మరిడమ్మకి నొప్పులొస్తే బండిలో వేసి ఆస్పత్రికి బయల్దేరారు. ఆస్పత్రులన్నీ గేటుకి అవతలే. ఆ పూట వరసగా రెండు గూడ్సులూ, ఒక మెయిలూ వచ్చాయి. గేటు లేచేసరికి బండిలో ప్రాణాలతో ఉన్నది అసిరమ్మ ఒక్కతే. బిడ్డ కూడా దక్కలేదు. దేముడమ్మ చక్రం పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. కట్టిన ఏడాదయినా కాని గోడౌనుని ఆస్పత్రికి ఇచ్చేస్తానని ఆవిడ అన్నది ఆ రోజే, ఆ చక్రం పట్టుకునే.

బుధవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర తగువు మళ్ళీ లేచింది.

జగన్నాధాన్ని దుర్మార్గుడనేస్తే నాకు పని సులువే, కానీ అతని మాటలోనూ పస లేకపోలేదు. అన్న పోయిన నాటి నించి రైలు పార్శిళ్ళూ, బేరగాళ్ళూ, కలకత్తా ఉత్తరాలూ అతనే చూసుకున్నాడు. గోడౌను ఇటుకలు ఎండలో నిలబడి దింపించింది అతనే. తీరా దాన్ని దానం ఇస్తున్నారన్న కబురు అతనికి జట్కా తోలే నూకయ్య నోట తెలిసింది.

"ఊరందరికీ సెప్పినావు వదినా, నాకు ఆకర్ని సెప్పినావు," అన్నాడు విస్తరి వంక చూస్తూ.

"నీకు సెప్తే వొద్దంటావని."

"అంటాను. అక్కడ ఇంకో రెండు పెనాలు ఎట్టొచ్చు. రేపు నా పిల్లలకి అదే కదా ఉన్నాది."

"నీ పిల్లలు పుట్టినప్పుడు గేటు తెరిసున్నాది," అంది దేముడమ్మ. "నీ అదురుష్టం."

వడ్డిస్తున్న చిన్నతల్లి చేతిలో గరిటె ఆగిపోయింది. చిన్నతల్లి జగన్నాధం భార్య, ఇద్దరు పిల్లల తల్లి. తోటికోడల్ని సొంత అక్కలాగే 'అప్పా' అని పిలుస్తుంది, ఎదురు చెప్పడం ఎవరూ వినలేదు. ఆ ఇంట్లో పిక్క ముట్టుకోని ఆడది ఆవిడ ఒక్కతే. తన భార్య బట్టీ గుమ్మం తొక్కనక్కర్లేదని జగన్నాధం పెళ్ళినాడే చెప్పాడు. బేరగాళ్ళు ఇంటికొస్తే ఆవిడ చేత మంచినీళ్ళు ఇప్పించేవాడు, ఆ తెల్లటి వేళ్ళు వాళ్ళు చూడాలని.

చివరికి దేముడమ్మే తగ్గింది. తగ్గడమంటే అలా ఇలా కాదు. ముద్ర వేశాక అది మాట ఇచ్చినట్టేననీ, మాట ఇచ్చి తప్పితే రేపు తన కింద పనిచేసేవాళ్ళు తన మాట ఎందుకు వింటారనీ, జగన్నాధం ఒప్పుకోనంటే ఆస్పత్రి లేనట్టేననీ చెప్పేసి చెయ్యి కడుక్కుంది. చదువు రానివాళ్ళకి కాగితమంటే అంత గురి. చదువుకున్నవాళ్ళం మనం ఎన్ని కాగితాల మీద సంతకం పెట్టి మరిచిపోలేదు?

ఈ మాటలన్నీ గుమ్మంలో నిలబడ్డ అసిరమ్మ విన్నది. ఎందుకొచ్చిందో చెప్పకుండానే వెనుదిరిగి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే దేముడమ్మకి ప్రాణం తేలికపడేది.

గురువారం తెల్లవారి దేముడమ్మ బట్టీకి వెళ్ళేసరికి అసిరమ్మ తన రాయిని గోడ వైపు తిప్పుకుని కూర్చుని ఉంది. నలభయ్యేళ్ళలో మొదటిసారి వాళ్ళిద్దరూ ఒకరికొకరు వీపు చూపించుకుని పిక్క కొట్టారు. దేముడమ్మ ఆ పూట గంట దాటినా లేవకుండా కొడుతూనే ఉంది.

గెలిచినవాడు ఊరుకుంటే ఎంత బాగుండును. జగన్నాధం ఊరుకోలేదు. నర్సు పిల్ల ఇంకా ఆశ పెట్టుకుని తిరుగుతోందని తెలిసి, ఆ కాగితం పట్టుకుని స్వయంగా ఆమె బసకి వెళ్ళాడు. చక్కగా మర్యాదగానే మాట్లాడాడు. చదువుకున్నదానివి, నీ కళ్ళతో నువ్వే చూసుకుని నమ్మకంగా రైలెక్కమ్మా అన్నాడు.

లీలారాణి కాగితం చదివింది. చదవడం అయ్యాక అడుగున ఉన్న వేలిముద్రని చూసింది. చూసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చూసింది. మడిచి అతనికి ఇచ్చేసి, చూపించినందుకు చాలా సంతోషమండీ అంది. అతను మెట్లు దిగి వీధి మలుపు తిరిగే దాకా ఆగి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా దస్తావేజులు రాసే నారాయణమూర్తి గారి ఇంటికి పరుగెత్తి సిరాపెట్టె అరువడిగింది. దేనికని ఆయన అడిగితే, తెలీదండీ, చూడాలి అంది.

ఆ తర్వాత బట్టీలో ఒక గంటసేపు పని సాగలేదు. లీలారాణి తెల్లకాగితాలు పరిచి, వరసగా ఒక్కొక్కరి చేతా బొటనవేలు అద్దించింది. ఆడవాళ్ళకి ఇది మహా సరదాగా ఉంది. ఇదేదో పంచదార ఇవ్వడానికి రాసుకుంటున్నారని ఒకతె అంది, వోట్లని ఇంకొకతె అంది. కాగితాలు నిండుతున్న కొద్దీ ఆ నవ్వులు సద్దుమణిగాయి. మొన్న ఆఫీసు పుస్తకంలో దేముడమ్మది ఎలా పడిందో అందరిదీ అలాగే పడుతోంది. అరవై వేళ్ళకి అరవై మచ్చలు. కిందటి నెలే పనిలో చేరిన పిల్లకి మాత్రం ఓ పక్కన నాలుగు గీతలు మిగిలి ఉన్నాయి.

అసిరమ్మ గోడ వైపు నించి ఇటు తిరిగింది.

"దేముడమ్మ గారూ," అంది లీలారాణి, "ఎనిమిదేళ్ళ కిందట మీరు కొన్నాళ్ళయినా ఈ పని మానేశారా?"

"ఆయన పోయింది ఆ ఏడే. పోయిన పదో నాడే వొచ్చి కూకున్నాను. ఒక్క దినం మాననేదు."

"అయితే ఆ కాగితం మీద ముద్ర మీది కాదు. నేను ఇందాక చూశాను. గీతలు ముగ్గేసినట్టు ఉన్నాయి."

దేముడమ్మ తన వేలు తను చూసుకుంది, పక్కనున్న కాగితాల మీది మచ్చలు చూసింది. మరిది అబద్ధం చెప్పాడన్న కోపం ఆవిడకి వెంటనే రాలేదు. ముందు వచ్చింది ఆశ్చర్యమే. ఇన్నేళ్ళుగా తనకీ, చుట్టూ ఉన్న ఇంతమందికీ వేళ్ళ మీది గీతలు పోతూ ఉంటే ఒక్కరికీ పట్టలేదేమిటని.

"మరవి ఎవులి గీతలే?" అంది అసిరమ్మ. అందరి నోట్లోనూ ఉన్న మాట అదే.

ఒకతె జగన్నాధందే అయి ఉంటుందంది. మగాడి వేలు అంత సన్నంగా ఉండదంది లీలారాణి. ఇంకో గుర్తు కూడా ఉందట. ముద్ర మధ్యలో అడ్డంగా, ఏటవాలుగా తెల్లటి గీటు ఒకటి ఉంది, ఎప్పుడో లోతుగా తెగి మానినట్టు.

దేముడమ్మ చేతిలోని సుత్తి కింద పెట్టింది.

అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు. నీకు తెలుసా అని అసిరమ్మ అడిగింది. తెలీదంది దేముడమ్మ. అసిరమ్మకి ఆవిడ అబద్ధం చెప్పడం అదే మొదలు. అసిరమ్మ నమ్మలేదు, కానీ మళ్ళీ అడగలేదు. తన రాయిని మాత్రం తిరిగి ఇటు తిప్పుకుంది.

పదిహేనేళ్ళ కిందట కాపురానికొచ్చిన కొత్తలో చిన్నతల్లి కత్తిపీట మీద పనసకాయ కోస్తూ ఎడమ బొటనవేలు లోతుగా కోసుకుంది. నెత్తురు ఆగలేదు. తన కోక చెంగు చింపి కట్టు కట్టింది దేముడమ్మే. ఆ కట్టు విప్పి మళ్ళీ కడుతూ పది రోజులు ఆ వేలు చూసింది. ఆ గీటు ఎటు వాలి ఉంటుందో ఆవిడని అడగాలా?

ఆ సాయంత్రం చిన్నతల్లి అన్నం వడ్డిస్తుంటే దేముడమ్మ కంచంలోకి చూడలేదు. గిన్నె అంచు పట్టుకున్న ఎడమ బొటనవేలినే చూసింది. చిన్నతల్లికి అర్థమైంది, వేలు చెంగులో దాచుకుంది. ఆ ఇద్దరినీ జగన్నాధం చూశాడు. వదినా మరుదులు మజ్జిగ దాకా తిన్నారు, చిన్నతల్లి ఒక్క కుడిచేత్తోనే వడ్డించింది.

శుక్రవారం తెల్లవారి దేముడమ్మ బట్టీలో అడుగుపెట్టేసరికి ఆవిడ రాయి ముందు ఎవరో కూర్చుని ఉన్నారు.

చిన్నతల్లి.

సుత్తి పట్టుకోవడం కూడా రాని మనిషి పెనం మీంచి తీసిన సగం వేగిన పిక్కల్ని ముందేసుకుని కొడుతోంది. ఆముదం రాసుకోలేదు. బూడిద అద్దుకోలేదు. ఎడమ బొటనవేలు అప్పటికే ఉబ్బి, చర్మం తెల్లగా లేస్తోంది. చుట్టూ ఆడవాళ్ళు ఏం చెయ్యాలో తెలియక చేతులు ముడుచుకుని చూస్తున్నారు.

దేముడమ్మ ఒక్క అంగలో వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని లాగింది. అసిరమ్మ ఆముదం గిన్నె అందించింది. వేలు దాన్లో ముంచి పట్టుకుని అడిగింది దేముడమ్మ.

"ఎవులు కూకోమన్నారు?"

"ఆయనే. ఆఫీసుకి ఎల్లే లోపల గీతలు పోవాలన్నాడు." చిన్నతల్లి పళ్ళు బిగబట్టి ఉంది, ఏడవలేదు. "ఆ నాడు కాగితం మీద ఏటున్నాదో నాకు సెప్పనేదు అప్పా. వదిన బదులు నువ్వెయ్యి అన్నాడు. ఏసీసినాను."

రెండో చేత్తో రొంటిన దోపుకున్న కాగితం తీసింది. పిల్లాడి కాపీపుస్తకంలోంచి చింపిన ఠావు. దాని మీద మసితో అద్దిన బొటనవేలు, గీతలన్నీ స్పష్టంగా, మధ్యలో ఏటవాలు గీటుతో సహా.

"ఇక్కడ కూకోకముందే ఇది ఏసుకున్నాను. దీన్నీ ఆ కాగితాన్నీ పక్కపక్కన ఎడితే ఆస్పత్రి నీకొస్తాది. నానేటవుతానో నాకు తెలీదు."

ఆఫీసుకి రావడానికని వచ్చి నిలబడ్డ లీలారాణి ఆ కాగితం అందుకోబోయింది. దేముడమ్మ దాన్ని ముందే తీసేసుకుంది.

మంగళవారం గూడ్సు చప్పుడులో పోయిన ప్రశ్న ఆవిడకి ఇప్పుడు వినపడింది. ఇన్నాళ్ళూ ముద్రలు ఎలా వేశారు? అప్పలసూరి చనిపోయిన ఏడాది పంచదార కార్డు మీద తన వేలు మచ్చలా పడుతోందని దుకాణంవాడు విసుక్కున్నాడు. తను నవ్వేసి చిన్నతల్లిని పిలిచింది. నీది తెల్లటి సెయ్యి, నా బదులు నువ్వెయ్యి, ఇంటి ఆడదాని ఏలు ఎవుల్దయితే ఏటి అంది. అప్పట్నించీ ఆ ఇంట్లో దేముడమ్మ ముద్రంటే చిన్నతల్లి వేలే. కార్డులకీ, రసీదులకీ, దేనికైనా; దేని మీద ఏముందో తను అడిగిందీ లేదు. జగన్నాధం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఆ వేలు మొదట పట్టుకుని సిరాలో ముంచింది తనే.

నూకయ్య జట్కా కట్టుకుని గుమ్మంలో పెట్టాడు. జగన్నాధం అప్పటికే కాగితం తీసుకుని సైకిలెక్కి వెళ్ళిపోయాడట. గుర్తుపట్టే మనుషులుగా రావలసిన అసిరమ్మా, లీలారాణీ అడ్డదారిన నడిచి ముందు బయల్దేరారు. దేముడమ్మ చిన్నతల్లిని ఆముదం గిన్నెతో సహా బండి ఎక్కించి తను పక్కన కూర్చుంది.

గేటు దగ్గరికి వచ్చేసరికి వేసేశారు. హౌరా వైపు నించి గూడ్సు వస్తోంది, పొడుగాటిది, మెల్లగా. పెట్టె పెట్టెకీ మధ్య సందుల్లోంచి అవతలి గట్టు మీద నిలబడ్డ అసిరమ్మ కనిపిస్తోంది, మరుగవుతోంది.

"ఆఫీసులో నానే సెప్తాను," అంది దేముడమ్మ. "మొదట ఆ ఏలు ఎయ్యమన్నది నానేనని. తప్పు నా మీద ఏసుకుంటాను."

చిన్నతల్లి గిన్నెలోని తన వేలు చూసుకుంటూ కూర్చుంది. రైలు సగం వెళ్ళాక మెల్లగా అడిగింది.

"నీ మీద ఏసుకుంటే నన్ను ఒగ్గేస్తారేటి అప్పా? ఆయన్ని ఒగ్గేస్తారేటి? ముగ్గుర్నీ లోపల ఎట్టీస్తే రేత్రికి పిల్లలకి అన్నం ఎవులెడతారు?"

ముద్ర తనది కాదంటే చాలదు, ఎవరిదో చెప్పమంటారు. ముద్ర ఉన్న కాగితం ఆవిడ గుప్పిట్లో ఉంది. చూపిస్తే ఈ పిల్ల పోతుంది, చూపించకపోతే ఈ గేటు దగ్గర ఇంకో మరిడమ్మ పోతుంది.

చివరి పెట్టె దాటింది. గేటు లేచింది. అవతల అసిరమ్మ చెయ్యెత్తి రమ్మంటోంది. వెనకనున్న బండివాళ్ళు కేకలేస్తున్నారు.

"పోనిమ్మంటావా అమ్మా?" అని నూకయ్య వెనక్కి తిరిగి అడిగాడు.

దేముడమ్మ గుప్పిట విప్పకుండా, అవతలి గట్టు మీది అసిరమ్మనీ పక్కనున్న చిన్నతల్లి వేలునీ మార్చి మార్చి చూసింది. నూకయ్య రెండోసారి అడిగాడు.